నరసన్నపేట నుంచి ఎచ్చెర్లకి రోజూ తిరగాలా, హాస్టల్లో చేరాలా?

శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో ఉన్న అంబేద్కర్ యూనివర్సిటీలో పీజీ సీటొచ్చిందని, మీ ఊరు నరసన్నపేట దగ్గరే కాబట్టి ఇంట్లో "రోజూ వెళ్లి రావచ్చు కదా" అంటున్నారని రాశావు. 2018లో నాదీ ఇదే పరిస్థితి, చెల్లీ. మొదటి సెమిస్టర్ ఇంటి నుంచే వెళ్లాను, మిగతా మూడూ హాస్టల్లో ఉన్నాను. నన్నడిగితే హాస్టలే అంటాను.

2008కి ముందు ఈ యూనివర్సిటీ ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరుగా ఉన్న రోజుల్లో మా మేనమామ అక్కడే చదివాడు. రోజూ ఇంటి నుంచే తిరిగాడు. ఆయన తిరిగినప్పుడు నువ్వు తిరగలేవా అన్నారు మా వాళ్లు. కానీ మామయ్య ఇంటికొచ్చి పుస్తకం తీస్తే అమ్మమ్మ అన్నం కంచం దగ్గరికే తెచ్చి పెట్టేది. నేనొచ్చేసరికి అంట్లు, నీళ్లు, తమ్ముడి హోంవర్కు ఉండేవి. ఎవరూ నన్ను కష్టపెట్టాలని చేసింది కాదు. ఆడపిల్ల ఇంట్లో కనిపిస్తే పని చెప్పడం అలవాటైపోయింది.

దూరాన్ని కిలోమీటర్లలో చూడొద్దు. మా ఊరి నుంచి నరసన్నపేటకి ఆటో, అక్కణ్ణుంచి శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి బస్సు, మళ్లీ ఎచ్చెర్లకి ఇంకో బస్సు. కూర్చున్న సేపు కన్నా నిలబడి ఎదురుచూసిన సేపే ఎక్కువ. ఏడింటికి బయల్దేరితే తొమ్మిదిన్నరకి చేరేదాన్ని, సాయంత్రమూ అంతే. రోజుకి ఐదు గంటలు! నాది కెమిస్ట్రీ. ప్రాక్టికల్స్ మధ్యాహ్నం ఉండేవి. టైట్రేషన్ అనే ప్రయోగంలో రెండు రీడింగులు కలవకపోతే మూడోది తీయాలి. మా ఊరికి ఆఖరి ఆటో పోతుందన్న టెన్షన్‌తో ఆ మూడోది తీయకుండానే పరుగెత్తిన రోజులు చాలా ఉన్నాయి. ఆ సెమిస్టర్ మార్కులు చూసి ఏడ్చాను.

హాస్టల్‌కి మారాక ఆ ఐదు గంటలూ చేతికొచ్చాయి. రాత్రి పదింటికి స్పెక్ట్రోస్కోపీ లెక్క అర్థం కాకపోతే పక్క గదిలో సీనియర్ అక్క ఉండేది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆ ఏడాది అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఇంట్లో మా వాళ్ల మధ్యే ఉన్నాను. తర్వాత నా రూమ్మేట్ అయిన అమ్మాయిది ఆ తుపాను తాకిన ఉద్దానం ప్రాంతం. అప్పటికే హాస్టల్లో ఉండేది. ఇంటికి ఫోన్లు కలవక, అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలియక రోజుల తరబడి అన్నం ముట్టలేదట. వెళ్లి చూస్తే మనుషులు క్షేమమే, కొబ్బరి తోట మొత్తం నేలమట్టం. మీ ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే, నువ్వే చూసుకోవాల్సి ఉంటే, ఇంటి నుంచే తిరుగు. నువ్వు దూరంగా కూర్చున్నా చదువు తలకెక్కదు. కాకపోతే రాత్రిపూట రెండు గంటలు నిన్నెవరూ పిలవకూడదని ముందే మాట తీసుకో.

హాస్టల్‌కి అడ్మిషన్ రోజునే దరఖాస్తు పెట్టు. మెస్ బిల్లు నెలకెంత పడుతోందో ఆఫీసులో కాదు, అక్కడుంటున్న పిల్లల్ని అడుగు. స్కాలర్‌షిప్ డబ్బుల్ని నమ్ముకోకుండా మూడు నెలల బిల్లుకి సరిపడా చేతిలో ఉంచుకో.

ఇక మీ నాన్నగారిని ఒప్పించడమంటావా, ఒకరోజు నీతోపాటు రమ్మను. నేనదే చేశాను. తిరుగు ప్రయాణంలో బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాక, నరసన్నపేట చేరకముందే నాన్న హాస్టల్ ఫీజు ఎంతని అడిగాడు.