పెట్టె మీద డాన్సేంటండీ?

ప్రశ్న: ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. ఎనిమిది మంది ఒక చెక్కపెట్టెను భుజాల మీద ఎత్తుకున్నారు, దాని మీద నల్లకోటు, తెల్లప్యాంటు వేసుకున్న మనిషి డాన్స్ చేస్తున్నాడు. కింద 'బాస్క్' అని రాసుంది. పడిపోడా? ఎందుకిదంతా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: మొదటిసారి చూసినప్పుడు నాకూ అదే టెన్షన్ అండి. దాన్ని 'కషర్రంక' అంటారు. బాస్క్ అంటే స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుకి అటూ ఇటూ ఉండే ఒక జాతి. స్పెయిన్ ఉత్తర తీరంలో లెకేయితియో అని జాలరుల ఊరుంది, అక్కడ జూన్ 29న ఏసు శిష్యుడు పేతురు పండుగ. పేతురు కూడా వలేసి బతికినవాడే కదా, వాళ్లకి ఆయనంటే సొంత మనిషి. ఆ పెట్టె ఉత్త పెట్టె కాదు, జాలరుల సంఘం కాగితాలు, లెక్కలు దాచుకునేది. పూర్వం సంఘం పెద్ద మారినప్పుడు పాతాయన దగ్గర్నుంచి కొత్తాయన ఇంటికి అది ఊరేగింపుగా వెళ్లేదట, దాని మీద ఈ ఆట. మనమైతే సంతకం పెట్టించుకుని తాళాలిచ్చేస్తాం! ఆడేవాడి ఒక చేతిలో పొడుగు టోపీ, ఇంకో చేతిలో జెండా, కాళ్ల కింద ఆ మూతంత చోటే. నన్నడిగితే కదలకుండా నిలబడే ఆ ఎనిమిది మందిదే అసలు పనితనం.

వీడియోలో సౌండ్ పెట్టి వినండి. వాయించేవాడికి ఎడమచేత్తో మూడు రంధ్రాల పిల్లనగ్రోవి, అదే చేతికి వేలాడే చిన్న డోలు, దాన్ని కుడిచేత్తో కొడతాడు. సన్నాయీ డోలూ ఒక్కడే అన్నమాట. ఆ పిల్లనగ్రోవి పేరు చిస్తు.

బాస్క్ వాళ్లకి డాన్స్ అంటే చాలాసార్లు దణ్ణం పెట్టడం లాంటిది. పెళ్లిలోనో సన్మానంలోనో మనం శాలువా కప్పే చోట వాళ్లు ఆ మనిషి ఎదురుగా టోపీ తీసి 'ఔరెస్కు' ఆడతారు, కాలు తలకంటే పైకి లేస్తుంది, అందుకునేవాళ్లు మాత్రం కదలకుండా నిలబడాలి. అంత్యక్రియల్లోనూ ఆడతారు. ఫ్రాన్స్ వైపు సుబెరోవాలో ఇంకో వింత ఉంది. మన కీలుగుర్రంలా నడుముకి గుర్రం తొడుక్కున్నవాడు నిండు వైన్ గ్లాసు మీద కాలు మోపి, చుక్క ఒలక్కుండా ఎగిరి దిగుతాడు, ఆ గుర్రం అడ్డం వల్ల కింద గ్లాసు సరిగా కనపడదు కూడా.

ప్రశ్న: మా అబ్బాయి సెయింట్ జాన్ ద లూజ్ అనే ఊరి చర్చి ఫొటో పంపాడు. గోడల పొడవునా చెక్క బాల్కనీలు, అచ్చం పాత సినిమా హాలే!
– మరో పాఠకుడు, ఖమ్మం

జవాబు: అది ఫ్రాన్స్ వైపు బాస్క్ ఊరు. 1660 జూన్ 9న ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ పెళ్లి జరిగిన చర్చే అది. ఆ బాల్కనీలు అప్పట్లో మగవాళ్లవి, ఆడవాళ్లు కింద. పాతకాలపు బాస్క్ చర్చిల్లో ఒక్కో ఇంటికి నేల మీద ఒక చోటుండేది, కింద ఆ ఇంటి పెద్దల సమాధి. ఇల్లాలు అక్కడే కూర్చుని, చెక్కిన పలక చుట్టూ దారంలా చుట్టిన సన్నని మైనపు వత్తి వెలిగించేది. స్పెయిన్ వైపు అమెస్కెటా ఊరి చర్చిలో ఈ పలకలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చోటు మనిషి పేరున కాదు, ఇంటి పేరున. ఇల్లు అమ్మేస్తే చర్చిలో చోటూ దాంతోపాటే పోయేది.