నేను చేసేది ఎవరికీ కనిపించదు, మరి నేనే ఎందుకు కృతజ్ఞత చూపాలి?

ప్రశ్న: నా వయసు 43. ఉద్యోగం, భర్త, ఇద్దరు పిల్లలు, మాతోనే ఉండే అత్తగారు. చెప్పుకోదగ్గ కష్టాలేవీ లేవు. అయినా పొద్దున లేచింది మొదలు ఏదో చిరాకు. రాత్రి పడుకునేసరికి రోజెలా గడిచిందో కూడా గుర్తుండదు. సరిగా నిద్ర పట్టదు. ఆఫీసులో ఆలస్యమైతే, నేను వచ్చేదాకా అత్తగారు హాల్లో లైటు వేసుకుని కూర్చుంటారు. అది కూడా నాకు ఒత్తిడిగానే ఉంటుంది. 'లేనివాళ్లను చూసి తృప్తి పడు' అంటుంది అమ్మ. ఆ మాట వింటే ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది. స్నేహితురాలు చెప్పిందని రోజూ రాత్రి మూడు మంచి విషయాలు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. కొద్ది రోజులకే ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం అంటూ రాసిందే రాస్తున్నాను. ఈ మధ్య చేరిన ధ్యాన తరగతిలో, చిన్న చిన్న క్షణాలకు కృతజ్ఞతతో ఉండమని బౌద్ధం చెబుతుందన్నారు. ఇంట్లో నేను చేసేది ఎవరికీ కనిపించదు. మరి నేనే ఎందుకు కృతజ్ఞత చూపాలి? అసలు అది మనసులోకి ఎలా వస్తుంది?

జవాబు: 'నేనే ఎందుకు' అని అడిగారు కదా, అక్కడినుంచే మొదలుపెడతాను. ఆ మాట అన్నందుకు మీరు నొచ్చుకోవలసిన పని లేదు. మీ అలసట నిజమైనది. దాన్ని పక్కకు నెట్టి కృతజ్ఞత గురించి మాట్లాడితే, మీ అమ్మగారి మాటనే నేను కాస్త తియ్యగా చెప్పినట్టవుతుంది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. ఎవరితోనైనా పోల్చుకుని 'నేను ఎక్కువ' అనుకున్నా, 'తక్కువ' అనుకున్నా, చివరికి 'సమానం' అనుకున్నా అది అహంకారపు రూపమేనని బౌద్ధం అంటుంది. ఇంకొకరి లేమిని చూస్తే మనలో కరుణ కలగాలి. వాళ్ల కష్టాన్ని మన తృప్తికి కొలబద్దగా వాడుకోవడం వాళ్లకూ న్యాయం కాదు, మనకూ మేలు చేయదు. అమ్మగారు ప్రేమకొద్దీ అని ఉంటారు. కానీ ఆ దారిలో మీకు దొరికింది అపరాధభావం ఒక్కటే. నిశ్చింతగా వదిలేయండి.

ఇక మీ చిరాకు గురించి. బౌద్ధ బోధనల సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో చూళవేదల్ల సుత్తం అనే ఉపదేశం ఒకటుంది. ధమ్మదిన్న అనే భిక్షుణిని విశాఖుడనే గృహస్థు వరుసగా ప్రశ్నలు అడుగుతాడు. ఆయన గతంలో ఆమె భర్తేనని సంప్రదాయం చెబుతుంది. అనుభూతులు మూడు రకాలంటుంది ఆమె: సుఖం, దుఃఖం, రెండూ కానిది. ఆ మూడోదానిలో సుఖమేమిటి, దుఃఖమేమిటి అని ఆయన అడిగితే, అది మనకు తెలిస్తే సుఖం, తెలియకపోతే దుఃఖం అని జవాబిస్తుంది. తర్వాత విశాఖుడు ఈ సంభాషణంతా బుద్ధుడికి వినిపిస్తే, నన్ను అడిగినా ఇదే చెప్పేవాణ్ణని ఆయన అంటాడు.

'పెద్ద కష్టాలేవీ లేవు, అయినా చిరాకు' అన్న స్థితికి ఇంతకన్నా దగ్గరి వివరణ నాకు తెలియదు. మన రోజులో ఎక్కువ భాగం ఆ మూడో రకమే. కుళాయి తిప్పగానే నీళ్లు వస్తాయి. మోకాళ్ల నొప్పి లేకుండా మెట్లెక్కుతాం. బడినుంచి పిల్లలు వేళకు ఇల్లు చేరతారు. ఇవేవీ పండగలు కావు, బాధలూ కావు, అందుకే మనసులో నమోదు కావు. నమోదయ్యేది కుళాయిలో నీళ్లు రాని రోజే. అలా పగలంతా తెలియకుండా జారిపోతే, రాత్రికి మిగిలేవి గుచ్చుకున్న రెండు మూడు విషయాలు. మీరు కృతజ్ఞత లేని మనిషేమీ కాదు. మీ రోజు మీకు అందకుండా పోతోంది, అంతే.

కాబట్టి కృతజ్ఞతను ఒక భావంగా బలవంతాన తెచ్చుకోవాలని చూడకండి. అలా పిలిస్తే అది రాదు. తెలుసుకోవడం వరకే మన చేతిలో ఉంది.

అత్తగారు వేసి ఉంచే ఆ లైటునే తీసుకోండి. ఫిర్యాదుల మధ్యలో దాన్ని రాసి మీరు ముందుకు వెళ్లిపోయారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మీరు తలుపు తీస్తారు. హాల్లో వెలుతురు ఉంటుంది. చీకట్లో స్విచ్చు వెతుక్కునే పని లేదు. ఆ వయసులో వేళకు పడుకోవలసిన మనిషి నిద్ర ఆపుకుని కూర్చున్నారు. మీరు ఆలస్యంగా వచ్చారని గుర్తు చేయడానికే కూర్చున్నారని మీకు అనిపించవచ్చు. అందులో కొంత నిజం కూడా ఉండవచ్చు, ఆవిడ మనసు నాకు తెలియదు. కానీ మీరు వచ్చేదాకా ఆవిడకు నిద్ర పట్టడం లేదన్నదీ అంతే నిజం. ఒత్తిడి మీ కంటబడింది, ఎదురుచూపు పడలేదు. రెండూ అదే హాల్లో, అదే లైటు కింద ఉన్నాయి.

జపాన్‌లో యోషిమొటో ఇషిన్ (1916-1988) అనే ఆయన బౌద్ధ సాధన నుంచి నైకన్ అనే ఆత్మపరిశీలన పద్ధతిని రూపొందించారు. అందులో ప్రశ్నలు మూడే. ఫలానా మనిషి నుంచి నేను ఏం పొందాను? వారికి ఏం ఇచ్చాను? వారికి ఏ ఇబ్బంది కలిగించాను? వారు నన్ను ఎలా ఇబ్బంది పెట్టారన్న నాలుగో ప్రశ్న అందులో లేదు. దానికి జవాబులు మనకు అడగకుండానే వస్తాయి కదా. మీరు మాత్రం మొదటి రెండే వేసుకోండి. ఇప్పటికే తప్పు చేసినట్టు కుమిలిపోతున్నవారికి మూడో ప్రశ్న భారమవుతుంది. రెండో ప్రశ్నను అస్సలు వదలకండి. మీరు ఇస్తున్నది కూడా లెక్కలోకి రావాలి, ముందు మీ లెక్కలోకి.

ఇందుకు రాత్రి దాకా ఆగనక్కర్లేదు. రోజూ తప్పక వచ్చే ఒక్క క్షణాన్ని ఎంచుకోండి. ఇంటి తలుపు తీసే క్షణం మీకు సరిపోతుంది. లోపలికి అడుగుపెట్టే ముందు మూడు శ్వాసలు నిదానంగా తీసుకుని, ఈ పూట నాకు అందినదేమిటి, దాని వెనక ఎవరున్నారు అని అడగండి. ఏమీ తోచకపోతే లోపలికి వెళ్లిపోండి.

పుస్తకం మాత్రం వారానికి ఒక్కసారే తెరవండి. మనస్తత్వవేత్త సోన్యా ల్యుబొమిర్‌స్కీ, ఆమె సహచరులు 2005లో ప్రచురించిన వ్యాసంలో ఆరు వారాల ప్రయోగం ఒకటుంది. కృతజ్ఞతలను వారానికి ఒకసారి రాసినవారిలో సంతోషం పెరిగింది, వారానికి మూడుసార్లు రాసినవారిలో పెరగలేదు. ఎక్కువగా చేస్తే అది మొక్కుబడి అయిపోతుంది. మీకు జరిగిందదే. రాసేటప్పుడు 'పిల్లలు' అని రాయకండి. ఏ బిడ్డ, ఎప్పుడు, ఏం చేసిందో రాయండి.

'నేనే ఎందుకు' అన్నదానికి ఇంకా పూర్తి జవాబు చెప్పలేదు. లోకంలో రెండు రకాల మనుషులు అరుదని అంగుత్తర నికాయమనే మరో బౌద్ధ సంకలనంలో ఉంది: ముందుగా మేలు చేసేవారు, పొందిన మేలును గుర్తించి తెలియజేసేవారు. మీ ఇంట్లో మొదటి రకం మనుషులు మీరు, మీ అత్తగారు. రెండో రకం కొరవడింది. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి, ఉత్తరం రాసింది మీరు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. ఈసారి ఆలస్యమైన రోజున 'మీరు లైటు వేసి కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంది, కానీ మీ నిద్ర పాడవుతోందని బెంగ, బయలుదేరగానే ఫోను చేస్తాను' అని చెప్పి చూడండి. ఇందులో కృతజ్ఞత ఉంది, మీ ఇబ్బందికి దారీ ఉంది. అయితే ధైర్యంగా అనిపించకపోతే ఆ ముక్క అనకండి, మిగతాది అనండి.

మీ భర్తతో మాత్రం వేరేగా మాట్లాడాలి. కృతజ్ఞత పేరిట పనంతా మోస్తూ నోరు మూసుకోమని బుద్ధుడు చెప్పలేదు. సిగాలోవాద సుత్తంలో భార్యాభర్తల బాధ్యతలు రెండు వైపులా చెప్పారు. భార్యను గౌరవించడం, చిన్నచూపు చూడకపోవడం భర్త బాధ్యతల్లో ముందున్నాయి. ఇంట్లో మీరొక్కరే చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. వీటిలో ఏవి తీసుకుంటారని అడగండి. కోపం వచ్చిన రాత్రి కాకుండా, ఇద్దరూ స్థిమితంగా ఉన్న పూట చూసుకోండి. నేను చేసేది ఎవరికీ కనిపించదన్నారు కదా, కనిపించేలా చేయడానికి మీకు పూర్తి హక్కుంది.

ఇంకొక్కటి. నిద్ర పట్టడం లేదనీ, రోజు గుర్తుండటం లేదనీ రాశారు. వాటితోపాటు, ఒకప్పుడు ఇష్టపడిన పనులు కూడా రెండు వారాలకు పైగా రుచించకపోతే, ఆకలి తగ్గితే, బతుకు వృథా అన్న ఆలోచనలు వస్తే, అది కుంగుబాటు కావచ్చు. అప్పుడు ముందుగా మానసిక వైద్యులను కలవండి, అలాంటి ఆలోచనలు ఉంటే ఆలస్యం చేయకుండా ఈ రోజే కలవండి. చికిత్స తీసుకుంటూ కూడా తలుపు దగ్గరి మూడు శ్వాసలు కొనసాగించవచ్చు. ధ్యాన తరగతి సంగతి కూడా వైద్యులకు చెప్పండి, ఎంతసేపు కూర్చోవడం మంచిదో వారు చెబుతారు.