లాకుల దగ్గర తొందర పడకండమ్మా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా పెద్దాడు బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటాడు, వచ్చే జులైలో మేం వెళ్తున్నాం. వాడేమో అక్కడి కాలవల మీద నేరోబోట్ అనే సన్నటి ఇంటి పడవ వారానికి అద్దెకి తీసుకుందాం, అందులోనే వండుకుని అందులోనే పడుకుందాం అంటున్నాడు. డ్రైవర్ ఉండడట, మనమే నడుపుకోవాలట, లైసెన్స్ కూడా అక్కర్లేదట! ఆరుగురం, మా అత్తగారికి 74, మనవడికి నాలుగేళ్లు, మా ఆయనకి మోకాళ్ల నొప్పులు. నాకైతే భయంగా ఉంది, ఏటి చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. మేం బరంపురం నుంచి వెళ్లి మా అమ్మాయి వాళ్లతో ఐదు రోజులు అలాగే ఉండొచ్చాం. మీ అబ్బాయి చెప్పింది నిజమే, అద్దె పడవకి లైసెన్స్ అడగరు, బయల్దేరే ముందు వాళ్లే ఎక్కి నడపడం నేర్పిస్తారు.

మీ ఊరి మీంచి వెళ్లిన నౌపడ–గుణుపురం చిన్న రైలు గుర్తుంది కదా, అక్కడి కాలవలూ అలాంటివే, అంతా సన్నం. పడవ వెడల్పు ఏడడుగుల లోపే, పొడవు మాత్రం 60, 70 అడుగుల దాకా ఉంటుంది. 18వ శతాబ్దంలో బొగ్గు, పింగాణీ సామాన్లు మోయడానికి తవ్విన కాలవలు, చాలాచోట్ల లాకులు ఆ వెడల్పుకే కట్టారు, పడవలూ ఆ కొలతకే వచ్చాయి. అప్పట్లో గట్టు మీద గుర్రాలు తాడు కట్టి లాగేవి, ఇప్పుడు ఇంజిన్. స్పీడ్ గంటకి 4 మైళ్లు దాటకూడదు, కట్టి ఉన్న పడవల పక్కనైతే ఇంకా తగ్గించాలి. మా మనవరాలు గట్టు మీద నడుస్తూ మాకంటే ముందు వెళ్లిపోయేది.

నడపడం అంటే వెనక నిలబడి చుక్కాని కర్ర పట్టుకోవడం. కర్ర ఎడమకి తోస్తే పడవ కుడికి పోతుంది, పైగా అది కారులా తిరగదు, నడుం దగ్గర తిరుగుతుంది, ముందు ఇటొస్తే తోక అటు ఊగుతుంది. మొదటి గంటలో మా అల్లుడు రెండుసార్లు గట్టుకి కొట్టాడు, ఉక్కు పడవ కాబట్టి ఏమీ కాలేదు. ఎదురుగా పడవ వస్తే మీరు కుడి పక్కకి తప్పుకోవాలి, మనకి రోడ్డు మీద ఎడమ అలవాటు కదా, ఇది బాగా గుర్తు పెట్టుకోండి.

అసలు జాగ్రత్త లాకుల దగ్గరమ్మా, అందులోనూ దిగేటప్పుడు. ధవళేశ్వరం లాకులు చూసి ఉంటే మీకు ఈజీగా అర్థమవుతుంది, రెండు తలుపుల మధ్య పడవ పెట్టి నీళ్లు వదిలి దించుతారు, కాకపోతే ఇంగ్లండ్‌లో చాలా చోట్ల ఆ పని మనమే చేసుకోవాలి, విండ్‌లాస్ అనే ఇనప హ్యాండిల్ తిప్పి పాడిల్స్, అంటే నీళ్లు వదిలే చిన్న తలుపులు, ఎత్తి దించుతూ. పై తలుపు కింద నీళ్లలో గట్టి మెట్టు ఒకటి ఉంటుంది, దాన్ని సిల్ అంటారు, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనిపించదు. పడవ తోక దాని మీద ఆనుకుందా, నీళ్లు దిగిపోతుంటే తోక అక్కడే ఉండిపోతుంది, ముందు భాగం కిందకి వంగి మునుగుతుంది. ఎక్కడిదాకా సిల్ ఉందో గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది, తోక ఆ గీతకి ముందే ఉండాలి. మేం కబుర్లలో పడి చూసుకోలేదు, పడవ మెల్లగా వెనక్కి జరిగింది, గట్టు మీదున్న మా అమ్మాయి "నాన్నా, గీత!" అని అరిచింది. మా అల్లుడు పరిగెత్తి పాడిల్స్ దించేసి నీళ్లు ఆపాడు. ఆ అరుపు నాకింకా చెవుల్లో ఉంది. అందుకే చెప్తున్నా, లాకులో ఉన్నంతసేపూ ఒక మనిషి పని ఆ గీతనే చూడడం, ఫోన్ గానీ ఫొటో గానీ వద్దు. ఆ టైంలో అత్తగారూ మనవడూ లోపల కూర్చోవాలి. బాబుకి బయటికొస్తే లైఫ్ జాకెట్ తప్పనిసరి. పడవ గోడకి తగులుతుంటే కాలు అడ్డం పెట్టి ఆపాలని ఎవరూ చూడకండి, నలిగిపోతుంది.

మీ ఆయనకి చుక్కాని ఇవ్వండి, లాకుల పని పిల్లలు చూసుకుంటారు. దూకడాలు మాత్రం వద్దు, గట్టుకి ఆనించాకే దిగాలి.

రూట్ విషయంలో మీ అబ్బాయితో లాంగాలెన్ కాలవ అని చెప్పండి. ష్రాప్‌షైర్‌లో ఎల్స్‌మియర్ దగ్గర ఎక్కితే వేల్స్‌లో లాంగాలెన్ దాకా రెండే లాకులు. హాటన్‌లో వరసగా 21, డివైజెస్ దగ్గర కేన్ హిల్‌లో 29 ఉంటాయి, ఈ కుటుంబంతో అవి వద్దు. దార్లో 1805లో తెరిచిన పాంట్‌కసుల్తే వంతెన వస్తుంది, 38 మీటర్ల ఎత్తున ఇనప తొట్టెలో పడవ పోతుంది, ఒక పక్క నడకదారికి రెయిలింగ్ ఉంది, రెండో పక్క ఏమీ లేదు, తొట్టె అంచు దాటితే గాలే! అత్తగారికి ముందే చెప్పి ఉంచండి.

వంటకి గ్యాస్ స్టవ్ ఉంటుంది, వండేటప్పుడు కిటికీ తీసి ఉంచండి. నీళ్ల ట్యాంకు దారిలో కుళాయి కనిపించినప్పుడల్లా నింపుకోండి, ఆరుగురు స్నానాలకి తొందరగానే అయిపోతుంది. ఆవకాయ, చారుపొడి ఇక్కడ్నించే పట్టుకెళ్లండి. విండ్‌లాస్ ఇంకోటి అడిగి తీసుకోండి, మాది రెండో రోజే నీళ్లలో పడిపోయింది.