దుప్పటి కింద ఆడే ఆట హాల్లోకి రావాలి

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటాం. ఇంటి నుంచే ఉద్యోగం. పాప యూకేజీ. అత్తగారు మాతోనే ఉంటారు. ఆరు నెలల క్రితం మా తమ్ముడు తన నింటెండో స్విచ్ అనే ఆటల పరికరం నాకిచ్చి వెళ్లాడు. అందులో ‘అటెలియర్ రైజా’ అనే జపాన్ ఆట మొదలుపెట్టాను. ఆకులు, రాళ్లు, పురుగులు ఏరుకొచ్చి కాగులో వేసి మందులు, బాంబులు, పనిముట్లు తయారుచేసే ఆట. అందరూ పడుకున్నాక పదిన్నరకు ‘ఈ ఒక్కటీ చేసి పడుకుందాం’ అని కూర్చుంటే ఒకటిన్నర, రెండు అవుతోంది. పొద్దున్నే లేవలేక పాప స్కూలు వ్యాను రెండుసార్లు తప్పిపోయింది. ఒక రాత్రి దుప్పటి కింద వెలుతురు చూసి, ఎవరితోనో చాటింగ్ చేస్తున్నానని మావారు అనుమానపడ్డారు. ఆట అని చూపిస్తే కోపం ఇంకా పెరిగింది. ‘పిల్లతల్లివి, ఈ వయసులో బొమ్మలాటలేంటి, అమ్మేసెయ్’ అంటున్నారు. ఆయన ఎనిమిది నుంచి పది దాకా క్రికెట్ చూస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు. నేను ఆట మానేయాలా? మానలేకపోతున్నానంటే ఇదేమైనా జబ్బా?

జవాబు: అమ్మేయక్కర్లేదు. కానీ రాత్రి పదిన్నర తర్వాత ఆడటం ఈ రోజు నుంచే ఆపేయండి. మీ ఇంట్లో గొడవకు మూలం ఆ ఆట కాదు, ఆ వేళ. ఆటకు కావాల్సిన సమయాన్ని మీరు నిద్రలోంచి, అదీ చాటుగా తీసుకుంటున్నారు. ఆ సమయం సాయంత్రంలోంచి, అందరి ఎదుటా రావాలి.

ముందు జబ్బు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు ఆడాలి అన్నది చేతిలో లేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా కొనసాగించడం దాని లక్షణాలు. ఇవి సాధారణంగా 12 నెలలైనా ఉండి, ఇల్లూ ఉద్యోగమూ దెబ్బతిన్నప్పుడే ఆ పేరు పెడతారు. ఉత్తరం చూసి ఉందనీ లేదనీ ఎవరూ తేల్చలేరు. అయితే మీరు రాసినదాంట్లో ఉద్యోగం పాడైన సూచనలు లేవు, పగలు ఆట కోసం పాపను వదిలేస్తున్నట్టూ లేదు. నిద్ర మాత్రం ఖాయంగా పోతోంది.

ఇక ‘ఈ ఒక్కటీ’ ఎందుకు తెమలదో చూద్దాం. మీ మనసు బలహీనమైనది కాబట్టి కాదు, ఆ ఆట కట్టుబడే అలాంటిది. జపాన్‌లోని గస్ట్ కంపెనీ 1997 నుంచి ఈ అటెలియర్ ఆటలు తీస్తోంది. అన్నిటికీ ప్రాణం ఆ కాగే. ఒక బాంబు కావాలంటే ముందు ఇంకో మిశ్రమం కావాలి. దానికి ఫలానా గుణమున్న ఆకు కావాలి. ఆకు కోసం అడవికి వెళ్తే, మీ దగ్గరున్న కొడవలి పాతది, మంచి రకం దొరకదు. సరే, ముందు కొడవలి చేద్దాం అనుకుంటారు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒక్క వస్తువు నాలుగు వస్తువులై కూర్చుంటుంది. పైగా రైజాలో ఒకే మొక్కను కర్రతో కొడితే ఒకటి, కొడవలితో కోస్తే ఇంకొకటి వస్తాయి. అది తెలిశాక దారిలో ప్రతి పొదా ఆపుతుంది.

కాగు దగ్గర ఇంకో చిక్కుంది. మీరు వేసే ఒక్కో సరుకూ నిప్పు, మంచు, మెరుపు, గాలి విలువలతో ఒక్కో వలయాన్ని నింపుతుంది. అది నిండితే పక్క వలయం తెరుచుకుంటుంది. కొన్ని వలయాల్లో సరైన సరుకు పడితే ఆ రెసిపీ పూర్తిగా వేరే వస్తువు రెసిపీగా మారుతుంది. రాత్రి పన్నెండింటికి కొత్త రెసిపీ తెరుచుకున్నాక చేయకుండా పడుకోవడం ఎవరికైనా కష్టమే. అందుకే పడుకునేముందు సంకల్పం గట్టిగా చెప్పుకుంటే సరిపోదు. అసలు ఆ తలుపు దగ్గరికి ఆ వేళకు వెళ్లకూడదు.

ఇలా చేయండి. వారం రోజుల్లో అడవి రోజులు వేరు, కాగు రోజులు వేరు పెట్టుకోండి. సోమ, బుధ ఏరుకు రావడమే. మంగళ, గురు ఇంట్లో ఉన్న సరుకుతో చేయడమే, లేకపోతే లేదు. ఈ రెండూ ఒకే పూట కలిసినప్పుడే రెండు గంటలు ఎగిరిపోతాయి. శుక్రవారం ఆట వద్దు. కథ ముందుకు నడిపేది, పెద్ద రాక్షసులతో పోరాడేది శని, ఆదివారాల్లో పగలు, గంటన్నరకు మించకుండా.

మామూలు రోజుల్లో 45 నిమిషాలు చాలు. అలారం మాత్రం 35వ నిమిషానికి పెట్టండి, ఎందుకంటే అది మోగాక బుట్టతో అటెలియర్‌కు, అంటే ఆటలోని పనిగదికి తిరిగి రావాలి, సరుకు కంటైనర్లో పడాలి, సేవ్ చేయాలి. 45కి పెడితే ఆ పనులతోనే గంట దాటుతుంది, ‘ఎలాగూ దాటింది కదా’ అనే మాట అప్పుడే పుడుతుంది. అలారం మోగాక కొత్త రెసిపీ తెరవొద్దు. ఆపే ముందు చిన్న నోటుబుక్కులో మూడు ముక్కలు రాయండి: ఏది చేస్తున్నాను, ఏం తక్కువైంది, అది ఎక్కడ దొరుకుతుంది. ఎక్కడ దొరుకుతుందో ఆటలోని ఐటమ్ ఎన్‌సైక్లోపీడియాలోనే ఉంటుంది. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, పక్క మీద పడుకున్నాక ఆ సరుకు లెక్క తలలో తిరగడం దీనివల్ల చాలావరకు ఆగుతుంది.

పాపో, అత్తగారో పిలిస్తే ‘ఒక్క నిమిషం’ అనకండి. స్విచ్ పవర్ బటన్ ఒకసారి నొక్కితే పోరాటం మధ్యలో ఉన్నా ఆట అక్కడే నిలిచిపోతుంది. మళ్లీ నొక్కితే అక్కడి నుంచే మొదలు. ఈ పోరాటాల్లో మీరు ఆలోచించుకునేంతసేపూ సమయం నడుస్తూనే ఉంటుంది కాబట్టి, బటన్ నొక్కకుండా పక్కన పెడితే ఓడిపోతారు. ఆ చిరాకు పాప మీద పడుతుంది.

రైజాలో గడువులేం లేవు. ఇదే వరుసలో పాత ఆట రోరోనాలో మూడేళ్ల గడువు, మూడు నెలలకొకటి చొప్పున 12 పనులు ఉంటాయి. అక్కడ రోజు వృథా అయితే నష్టం. మీ ఆటలో వారం రోజులు ముట్టుకోకపోయినా కంటైనర్లో ఆకు ఎండదు, ఊళ్లో ఎవరూ పని రద్దు చేసుకోరు. వస్తువు క్వాలిటీని గరిష్ఠమైన 999 దాకా తీసుకెళ్లాలనే పంతం ఉంటే అది వదిలేయండి. చేసిన వస్తువునే మళ్లీ సరుకుగా వేసి క్వాలిటీ పెంచుకుంటూ పోవడమే ఈ ఆటలో అన్నిటికన్నా ఎక్కువ సమయం మింగే పని, నార్మల్ స్థాయిలో కథ పూర్తి కావడానికి దాని అవసరం లేదు. మిగిలిన చెత్తా చెదారాన్ని జెమ్స్‌గా మార్చేయండి. కథలో కొంత దూరం వెళ్లాక, బాగా కుదిరిన బాంబును ఆ జెమ్స్‌తోనే నకలు తీసుకోవచ్చు, మళ్లీ మొదటి నుంచి ఏరక్కర్లేదు.

ఇప్పుడు మీ వారి సంగతి. ఆయన కోపంలో రెండున్నాయి: అనుమానం, వ్యాను. ఈ రెండిటికీ సమాధానం చెప్పకుండా క్రికెట్ మాట ఎత్తితే మీ మాట ఎంత న్యాయమైనా వినబడదు. ఆదివారం మధ్యాహ్నం, పాప నిద్రపోయాక కూర్చోండి. స్విచ్‌లో మీ ప్రొఫైల్ తెరిస్తే ఏ ఆట ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది. ఆ అంకె ఎంత పెద్దదైనా సరే, ముందు మీరే చూపించండి. ‘అర్ధరాత్రి దాచి ఆడటం నా తప్పు, మీకు అనుమానం రావడంలో వింత లేదు. వ్యాను తప్పడానికి కారణం నేనే. ఇక పదిన్నరకు ఇది హాల్లో చార్జింగ్‌లో ఉంటుంది, పడకగదిలోకి రాదు’ అనండి. తర్వాత అడగాల్సింది అడగండి: ‘నాకు రోజులో నాదంటూ ఒక్క గంట లేదు, అందుకే నిద్ర అమ్ముకున్నాను. వారంలో నాలుగు రోజులు ఎనిమిది నుంచి ముప్పావు గంట పాపను మీరు చూసుకోండి, నేను హాల్లో మీ పక్కనే కూర్చుని ఆడుకుంటాను.’ ఇది సాయం అడగడం కాదు, ఇంటి పని వాటా అడగడం. ఆయన మ్యాచ్ చూస్తూ కూడా పాపతో ఆడుకోవచ్చు. క్రికెట్ గంటల పోలిక ఆయన ఒప్పుకోనప్పుడు రెండోసారి మాటల్లో తీసుకురండి.

మీరు ఆడుతున్న కథలో రైజా స్నేహితురాలు క్లౌడియా వేణువు వాయించడం నాన్నకు తెలియకుండా దాచుకుంటుంది. వాయించడం తప్పు కాదు, అయినా దాచినన్నాళ్లూ భయంభయంగానే ఉంటుంది. మీకది బాగా అర్థమై ఉంటుంది.

అత్తగారితో వాదన వద్దు. హాల్లో ఆడేటప్పుడు ఆవిడ అడిగితే చూపించండి. పొలం పనికి రమ్మని వాళ్లమ్మ కేకలేస్తుంటే తప్పించుకు తిరిగే రైతు కూతురు రైజా. ఆ సీను చూపిస్తే ఆవిడకు మాట్లాడటానికి బోలెడు దొరుకుతుంది. పాప పక్కన కూర్చుంటే మొక్కలు ఏరే రోజు చూడనివ్వండి, తన స్క్రీన్ సమయంలోనే దాన్ని లెక్కేయండి.

మీ వారు కోపంలో పరికరం దాచినా, సేవ్ డిలీట్ చేసినా ఊరుకోకండి. రైజా కథ ఒక్కటే ముప్పై గంటల పైమాట. మీరు ఏరి, చేసి, నేర్చుకున్నదంతా అందులో ఉంటుంది. దాన్ని చెరిపేయడం క్రమశిక్షణ కాదు, అవమానించడం. ఆ మాట ముందే మర్యాదగా చెప్పి ఉంచండి. అలాగే, ఇది మానేసి ఫోన్‌లో రోజూ లాగిన్ అవమని పిలిచే ఆటలకు మారొద్దు. రైజా మిమ్మల్ని పిలవదు. అవి గంటగంటకూ పిలుస్తాయి.

మొదటి వారం రెండు రోజులైనా తప్పుతారు, ఫర్వాలేదు. తప్పిన రోజు తేదీ, పడుకున్న వేళ అదే నోటుబుక్కులో రాయండి. నాలుగు వారాల తర్వాత కూడా పదిన్నర దాటే రాత్రులు వారానికి మూడుకు తగ్గకపోతే, లేదా ఆట లేని శుక్రవారం పాప మీద విసుక్కుంటున్నట్టు మీకే అనిపిస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళకైనా పలుకుతుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో టెక్నాలజీ వాడకం అదుపు తప్పినవాళ్ల కోసం 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. అంత దూరం వెళ్లే అవసరం చాలామందికి రాదు, దగ్గర్లోని క్లినికల్ సైకాలజిస్టు చాలు. వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకెళ్లండి. వీలైతే మీ వారినీ రమ్మనండి.