ఫైర్‌వాల్ నోట్సులో ‘మాత్రమే’ ఎక్కడ పెట్టాలి?

సందేహం: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో నెట్‌వర్క్ చూస్తాను. నా తర్వాత వచ్చేవాళ్లకు అర్థం కావాలని, నెట్‌వర్క్‌లో ఎవరు ఎక్కడికి పోవచ్చో తేల్చే ఫైర్‌వాల్ రూల్స్ పక్కన తెలుగులోనే నోట్స్ రాస్తున్నాను. ‘అకౌంట్స్ సిస్టమ్స్ నుంచి బిల్లింగ్ సర్వర్‌కు మాత్రమే అనుమతించబడినది’ అని రాస్తే, అకౌంట్స్ వాళ్లకు ఇంటర్నెట్ ఆపేయమన్నారా అని మా కుర్రాడు అడిగాడు. నా వాక్యంలో తప్పుందా?

సమాధానం: ఉంది. మీ కుర్రాడు సరిగ్గానే చదివాడు. ‘మాత్రమే’ తనకు ముందున్న మాటను పట్టుకుంటుంది. మీరు ‘సర్వర్‌కు మాత్రమే’ అన్నారు కాబట్టి అకౌంట్స్ సిస్టమ్స్ ఆ సర్వర్‌కు తప్ప ఇంకెక్కడికీ పోకూడదని అర్థం వస్తుంది. మీ మనసులో ఉన్నది వేరు: ఆ సర్వర్‌లోకి ఇంకెవరూ రాకూడదని. అలాంటప్పుడు ‘బిల్లింగ్ సర్వర్‌లోకి అకౌంట్స్ సిస్టమ్స్ నుంచి మాత్రమే రావచ్చు’ అనండి. మాట్లాడేటప్పుడైతే కావలసిన మాటను ఒత్తి పలికి సరిపెట్టుకుంటాం, రాతలో ఆ వీలు లేదు. మీరు సెలవులో ఉన్న రోజు ఎవరైనా ఆ నోట్ నమ్మి రూల్ మార్చారంటే, అకౌంట్స్ వాళ్లకు బ్యాంకు సైటు ఆగిపోతుంది, బిల్లింగ్ సర్వర్ మాత్రం ఆఫీసంతటికీ తెరుచుకుంటుంది.

‘అనుమతించబడినది’ కూడా తీసేయండి. ఈ ‘బడు’ మన మాటల్లో ఎటూ ఉండదు, పైగా చేసినవాళ్లను దాచేస్తుంది. మార్పుల నోట్‌లో ముందు కావలసింది ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనేదే. ‘షిప్పింగ్ సెక్షన్ అడిగితే 443 పోర్టు తెరిచాను, పని అయ్యాక మూసేయాలి’ అని తేదీ వేసి రాస్తే, అది ఇంకా తెరిచే ఉందేమని రేపు ఎవరైనా మిమ్మల్ని నిలదీసి అడగ్గలరు.

‘తప్ప’తో మీకు ఇబ్బంది రాదు. ‘వెబ్ సర్వర్‌కు తప్ప బయటివాళ్లను ఎక్కడికీ రానివ్వొద్దు’ అంటే మినహాయింపు ముందొస్తుంది. మీరు వాడే ఐపీటేబుల్స్ అనే లినక్స్ ఫైర్‌వాల్ పైనుంచి కిందికి చూసుకుంటూ మొదట సరిపోయిన రూల్ దగ్గరే తేల్చేస్తుంది కాబట్టి, అక్కడా అనుమతించే రూల్ పైన, ఆపే రూల్ కింద ఉండాలి. అయితే అందులో కామెంట్‌కు 256 బైట్లే హద్దు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతానికీ ఒత్తుకూ మళ్లీ విడిగా పడతాయి, అందుకని పొడుగు వివరణ వేరే ఫైల్లో పెట్టుకుని రూల్ పక్కన దాని నంబరు వేయండి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. ఉదాహరణకని మీరు పంపిన ఫైల్లో వీపీఎన్ కీ, అంటే బయటినుంచి మీ నెట్‌వర్క్‌లోకి రానిచ్చే రహస్య తాళం, అలాగే ఉంది. నా దగ్గరున్న కాపీ చెరిపేశాను, కానీ ఒకసారి బయటికొచ్చిన కీ ఇక పనికిరాదు, ఈ రోజే మార్చండి. బయటివాళ్లకు చూపించేటప్పుడు మీ అసలు ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో సిస్టమ్‌ల నంబర్లు) తీసేసి 192.0.2.1 లాంటివి వేయండి, 192.0.2తో మొదలయ్యేవి ఇలాంటి ఉదాహరణల కోసమే కేటాయించినవి. కొత్త కీ ఉన్న ఫైలుకు రూట్‌నే (సిస్టమ్‌పై పూర్తి అధికారమున్న ఖాతా) ఓనర్‌గా ఉంచి, ఓనర్ ఒక్కరే చదివి రాయగలిగేలా పర్మిషన్ 600 పెట్టండి.