పొలం అమ్మి కంట్లో చిప్ పెట్టించాలా?

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు. చిన్నప్పటి నుంచి రేచీకటి, రెటినైటిస్ పిగ్మెంటోసా అని డాక్టర్లు తేల్చారు. ఇప్పుడు పగలు కూడా ఎదురుగా కొంచెం తప్ప పక్కన ఏమీ కనపడదు, గడప దాటాలంటే టెన్షన్. కంట్లో చిప్ పెడితే చూపు వస్తుందని ఫోన్లో వీడియో చూసి, ఉన్న ఎకరంన్నర అమ్మి విదేశానికి తీసుకెళ్దామని నాన్న పట్టుబట్టారు. ఏం చేయమంటారు?
– ఒక అక్క, నల్గొండ జిల్లా

జవాబు: ఆగండమ్మా. ఈ జవాబు నాన్నగారికి చదివి వినిపించండి, పొలం జోలికి వెళ్లొద్దనండి.

ఈ జబ్బులో కంటి లోపలి వెనక పొర రెటీనాలో వెలుగును పట్టే కణాలు ముందు చచ్చిపోతాయి, ఆ సమాచారాన్ని మెదడుకు చేరవేసే కణాలు మాత్రం చాలావరకు మిగులుతాయి. మిగిలినవాటికి చిన్నగా కరెంటు ఇచ్చి కదిలించడమే చిప్ పని. అమెరికాలో 2013లో అనుమతి వచ్చిన ఆర్గస్ 2 ఇలాంటిదే: కళ్లజోడులో కెమెరా, వెంట మోసుకెళ్లే చిన్న కంప్యూటర్, రెటీనా మీద కరెంటు ఇచ్చే 60 చిన్న ఎలక్ట్రోడ్లు. అరవై అంటే అరవై చుక్కలే, వాటితో తలుపు ఎటుందో, ఎదురుగా ఎవరైనా కదిలారో పోల్చుకోవచ్చు గానీ అమ్మ ముఖం కనపడదు. పైగా దాన్ని చూపు దాదాపు పూర్తిగా పోయినవాళ్లకే పెట్టారు, మీ తమ్ముడికి ఇంకా ఎదురుగా ఉన్నది కొంచెం కనపడుతోంది.

నన్ను బాధపెట్టేది ఆ తర్వాత జరిగింది. సుమారు లక్షన్నర డాలర్ల ఆ పరికరాన్ని ప్రపంచం మొత్తం మీద 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2019లో కంపెనీ దాని తయారీ ఆపేసింది, మరుసటి ఏడాది డబ్బుల్లేక సిబ్బందిలో ఎక్కువమందిని పంపేసింది. బయటి భాగం పాడైతే బాగుచేసేవాళ్లు లేక కొందరు మళ్లీ చీకట్లోకి వెళ్లిపోయారు, చిప్ మాత్రం కంట్లోనే ఉండిపోయింది. ఒంట్లో పెట్టే వస్తువు గురించి డాక్టర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న నా దృష్టిలో ఇదే: పదేళ్ల తర్వాత దీన్ని చూసుకునేదెవరు?

నాన్నగారు చూసిన వీడియో బహుశా ప్రిమా అనే చిప్ గురించి. రెండు మిల్లీమీటర్ల పలక, తీగల్లేవు, సోలార్ ప్యానెల్ లాగా వెలుగుతోనే పనిచేస్తుంది, కళ్లజోడు దాని మీదికి పరారుణ కిరణాలతో బొమ్మ వేస్తుంది. యూరప్‌లో ఐదు దేశాల్లో 38 మందికి పెట్టారు, ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మందికి చూపు చెప్పుకోదగ్గంత మెరుగైందని 2025 అక్టోబరులో ఫలితాలు వచ్చాయి. అక్షరాలు, మాటలు చదవగలిగారు, అదీ నలుపు తెలుపుల్లో. నిజంగా గొప్ప సంగతి. కానీ ఆ ప్రయోగం వయసు మీద పడి రెటీనా మధ్యభాగం దెబ్బతిన్న పెద్దవాళ్ల మీద చేసింది, మీ తమ్ముడి జబ్బు వేరు.

ఇప్పుడు చేయాల్సింది జన్యు పరీక్ష. ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపం ఉన్న కొద్దిమందికి 2017 నుంచి అమెరికాలో జన్యు చికిత్స ఉంది, అందులో ఉన్నాడో లేదో తెలుస్తుంది. అమ్మానాన్నలది మేనరికమైతే మీరూ కళ్లు చూపించుకోండి. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ ఆసుపత్రిలో చూపు తగ్గినవాళ్లకు శిక్షణ ఇచ్చే విభాగం ఉంది. తెల్లకర్ర, ఫోన్ చదివి వినిపించే సదుపాయం, ఇవన్నీ కాస్త చూపుండగానే నేర్చుకుంటే సులువు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కూ వెళ్లండి, అక్షరాలు చదవగలిగినా పక్కచూపు బాగా కుంచించుకుపోతే చట్టం దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

ప్రశ్న: నాకు నీటికాసులతో ఒక కన్ను పోయింది. నాకు ఈ చిప్ పనికొస్తుందా?

జవాబు: రాదండీ. మీకు పోయింది కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం, రెటీనాలో ఏం పెట్టినా కబురు దాటదు. కంటిని వదిలేసి నేరుగా మెదడుకే కరెంటు ఇచ్చే ప్రయత్నం 1968లోనే ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో బ్రిండ్లీ అనే శాస్త్రవేత్త చేశారు, ఆ రోగికి వెలుగు చుక్కలు కనిపించాయి. ఆ దారి ఇంకా ప్రయోగాల్లోనే ఉంది. రెండో కంట్లో చుక్కల మందు ఒక్క పూట కూడా మానకండి.