ఆగస్టులో మసాయి మారా: మూడు రోజులు సరిపోతాయా?

కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో మూడు రోజులే ఉంటాం, వైల్డ్‌బీస్ట్‌ల (ఎద్దులా కనిపించే పెద్ద జింకల) మందలు మారా నది దాటడం కచ్చితంగా కనిపిస్తుందా అని అడిగారు. కచ్చితం అని ఏ ట్రావెల్స్ వాళ్లు చెప్పినా నమ్మకండి. మేం ఆగస్టులోనే వెళ్లాం, నాలుగు రోజులున్నాం. దాటడం చూసింది ఒక్కసారి, అదీ సగం.

మూడో రోజు పొద్దున తొమ్మిదికి నది దగ్గర బండి ఆపుకున్నాం. అవతలి గట్టు మీద వేలల్లో ఉన్నాయి, మధ్యమధ్య జీబ్రాలు. ఒకటి దిగి నీళ్ల దాకా వస్తుంది, మూతి పెట్టి వాసన చూస్తుంది, వెనకది తగలగానే బెదిరి తిరిగి గట్టెక్కేస్తుంది. దాన్ని చూసి మందంతా వెనక్కి. ఇలా రెండున్నర గంటలు! వాటి అరుపులు వాన వెలిసిన రాత్రి చెరువులో కప్పల గోలలా ఉంటాయి, కాస్త బొంగురుగా.

చివరికి ఒక జీబ్రా దిగింది. ఇక ఆగలేదు, పైనుంచి బస్తాలు దొర్లించినట్టు దూకాయి. ఇంతలో ఫొటోల కోసం ఎవరిదో వ్యాను, అవి గట్టెక్కే దారికి సరిగ్గా అడ్డంగా వచ్చి ఆగింది. ముందున్న పది పదిహేను ఎలాగో ఎక్కాయి, మిగతావి నీళ్లలోనే వెనక్కి తిరిగాయి. ఇటు ఎక్కినవాటిలో ఒక దూడ ఉంది. ఫిబ్రవరిలో పుట్టి ఉంటుంది, ఆరు నెలలది. అవతలికి చూసి అరుస్తూ గట్టు వెంట అటూ ఇటూ పరిగెత్తింది. మొసళ్ల కంటే అదే నాకు గుర్తుండిపోయింది. మీ డ్రైవరుకి ముందే చెప్పండి, దూరంగా ఆపమని.

ఇంకో సంగతి. దాటడమంటే ఒకసారి దాటి వెళ్లిపోవడం కాదు. పక్కనే టాంజానియాలో ఉన్న సెరెంగెటి వైపు నుంచి వచ్చినవి జులై నుంచి అక్టోబరు దాకా గడ్డి కోసం, వాన ఎటు పడితే అటు, అదే నదిని అటూ ఇటూ దాటుతూనే ఉంటాయి. పదమూడు లక్షలకు పైనే ఉన్నాయంటారు గానీ, ఏ రోజు ఏ రేవు దగ్గరికొస్తాయో ఎవరికీ తెలీదు. అందుకే కనీసం నాలుగు రాత్రులు పెట్టుకోండి. ఆ నెలల్లో విదేశీయులకు ప్రవేశ రుసుమే రోజుకు 200 డాలర్లు, రోజులు తగ్గించాలనిపించడం సహజమే. నేనైతే నైరోబీ షాపింగ్ తగ్గించుకోమంటాను.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. కార్డు లేకపోతే తిరిగొచ్చాక ఇక్కడ క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ముందుగా కనుక్కుని వెళ్లండి. ఆఫ్రికా కదా అని స్వెటర్ మానకండి, పొద్దున్నే పళ్లు టకటకలాడతాయి.

పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా అన్నారు. రోడ్డు మీద ఐదారు గంటల కుదుపులు ఓర్చుకోగలిగితే నిక్షేపంగా. మా నాన్నగారికి డెబ్భై రెండు. సింహాన్ని చూసి "ఊఁ, బాగుంది" అన్నారు, అంతే. తిరుగు ప్రయాణంలో నారోక్ ఊరి దారిలో మసాయి తెగ వాళ్ల ఆవుల మంద కనిపిస్తే మాత్రం బండి ఆపించారు. మూపురాలతో అచ్చం మన నాటు ఆవులే. "పూటకెన్ని పాలిస్తాయో అడగరా" అన్నారు. డ్రైవరు కాపరిని అడిగి, లీటరుకు మించదట అన్నాడు.

"దూడకు వదిలాకా, వదలకముందా?" అన్నారు నాన్న.